అక్క రిపోర్టులో వైరి సమాసం

తెలుగు వ్యాకరణంలో వైరి సమాసం అని ఒకటుంది. సంస్కృత పదాన్నీ అచ్చ తెలుగు పదాన్నీ కలపకూడని తీరులో కలిపేస్తే దానికా పేరు. బీఏలో చదువుకున్నప్పుడు ఇది పరీక్షలో రెండు మార్కులకి తప్ప మరెందుకూ పనికిరాదనుకునేవాళ్ళం. పాతికేళ్ళ తర్వాత మా అక్క బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకుని, అందులో ‘అడినోస్క్వామస్ కార్సినోమా’ అన్న మాట దగ్గర ఆగిపోయినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. ‘అడినో’ గ్రీకు నుంచి వచ్చింది, గ్రంథి అని అర్థం. ‘స్క్వామా’ లాటిను, పొలుసు అని. రెండు భాషల మాటల్ని తెచ్చి అతికించారు. జబ్బు కూడా అచ్చం అలాంటిదే.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆవిడకి ముప్ఫై దాటాయంతే, అయినా నాకు అత్తగారి తర్వాత అత్తగారు. అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్ళో ఉంటారు. మేము విజయవాడలో. పండక్కీ పబ్బానికీ మేమే వెళ్తాం.

రెండేళ్ళ కిందటి కార్తీకంలో వెళ్ళాం. సోమవారం సాయంత్రం తులసికోట దగ్గర అన్నీ సర్ది, ఒత్తులు నేతిలో తడిపి, “దీపం నువ్వు పెట్టవే” అంది. నేను ఎందుకన్నట్టు చూశాను. “బయట ఉన్నాలే” అంది గొంతు తగ్గించి.

అక్కకి అప్పటికి యాభై ఏడేళ్ళు. ఆగిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆగిపోయిన ఏడాది ‘హమ్మయ్య, ఇంక పూజకి అడ్డం లేదు’ అని సంబరపడిన మనిషి. అలాంటిది మళ్ళీ బయట ఉండడమేమిటి? ఆ రాత్రి పక్కలు వేసుకున్నాక అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. మూడు నెలల నుంచీ అప్పుడప్పుడూ కనబడుతోందట. మధ్యలో నీళ్ళలాగా, ఒకటే వాసనట. నడుం కింద లాగుతోందట. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగుతోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర బలానికి బిళ్ళలు తెచ్చుకుంది. దేవుడి గదిలోకి మాత్రం వెళ్ళడం మానేసింది. జబ్బు వచ్చిందన్న అనుమానం రాలేదుగానీ మైల వచ్చిందన్న సంగతి మాత్రం లెక్కగా పాటించింది.

ఇది చదివే వాళ్ళలో యాభై దాటిన వాళ్ళుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా అది నెలసరి కాదు. ప్రతిసారీ క్యాన్సరే అవుతుందని కాదు, చాలాసార్లు వేరే చిన్న కారణమే ఉంటుంది. కానీ చూపించుకోవాలి. వయసులో ఉన్నవాళ్ళకైతే నెలసరికీ నెలసరికీ మధ్యన కనబడినా, భర్తతో కలిసిన తర్వాత కనబడినా అంతే. అక్కకి వచ్చిన రకానికి ప్రత్యేకమైన లక్షణాలంటూ ఏమీ లేవు. గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే మామూలు క్యాన్సర్‌కి ఉండేవే దీనికీ ఉంటాయి. ముక్క తీసి, సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేడా తెలుస్తుంది.

మర్నాడు ఆవిణ్ణి మాతోనే బస్సెక్కించుకుని వచ్చేశాను. లేడీ డాక్టరు చూసి, పెద్దగా ఏమీ అనకుండానే ముక్క తీసింది. వారానికి రిపోర్టు.

ఆ తేడా ఏమిటో డాక్టరు నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గర్భాశయ ముఖద్వారం బయటి వైపు చర్మంలాంటి పొర ఉంటుంది. ఆ కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, పైకొచ్చేసరికి చేప పొలుసుల్లా పల్చగా ఉంటాయి. లోపలి గొట్టం వైపు వేరే కణాలు, జిగురు ఊరించే గ్రంథి కణాలు. ఈ రెండూ కలిసే సరిహద్దు దగ్గరే ఎక్కువగా జబ్బు మొదలవుతుంది. చాలామందికి పొలుసు కణాల్లో వస్తుంది. కొంతమందికి గ్రంథి కణాల్లో. ఒకే గడ్డలో రెండు రకాలూ క్యాన్సర్‌గా మారి కలిసి పెరిగితే అదే అడినోస్క్వామస్. వందమందిలో ఏ ఐదారుగురికో అంతే. అక్క రిపోర్టులో దాని పక్కనే ‘పూర్లీ డిఫరెన్షియేటెడ్’ అని కూడా ఉంది. అంటే కణాలు తమ అసలు రూపం బాగా పోగొట్టుకున్నాయని, చురుగ్గా పెరిగే స్వభావం ఉందని.

ఇంతవరకూ నాకు అర్థమైంది. ఇంట్లో గొడవ మొదలైంది దీని తర్వాత.

బావగారి అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. రిపోర్టు ఫొటో తీసి పంపించాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. “పిన్నీ...” అని ఇంక మాట రాక ఏడుపు. ఆ మాట నెట్‌లో కొట్టి చూశాడట. నెలల్లో అయిపోతుందని ఉందట. అరగంట మాట్లాడాక నాకు తెలిసిందేమిటంటే వాడు చదివింది క్లోమగ్రంథిలో వచ్చే అడినోస్క్వామస్ గురించి. పాంక్రియాస్ అంటారే, అది. ఈ రకం క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో వస్తుంది, పిత్తాశయంలో వస్తుంది, క్లోమంలో వస్తుంది. ఎక్కడ వచ్చినా అరుదే, పేరూ ఒకటే. కానీ పేరు ఒకటైనంత మాత్రాన రాత ఒకటి కాదు. క్లోమంలో వచ్చింది నిజంగానే చాలా చెడ్డది. అక్కడ అది చాలామందిలో బయటపడేసరికే ఆలస్యమైపోతుంది. ముఖద్వారం దగ్గర వచ్చినదాని కథ వేరు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అందరి గుణం ఒకటే అవుతుందా?

ఈ మాటే మర్నాడు డాక్టరు చేత చెప్పించాను. అబ్బాయి కుదుటపడ్డాడు. కానీ ఆ రాత్రే వాడు నాన్నకీ ఫోన్ చేశాడు. బావగారు ఆ ‘నెలలు’ అన్న మాట దగ్గరే ఉండిపోయారు. ఆ పైన ఎవరేం చెప్పినా ఆయనకి ఓదార్పు మాటలే. “దానికి తెలియనివ్వకండి. గర్భసంచిలో పుండు అని చెప్పండి. కరెంటు పెడితే మానిపోతుందని చెప్పండి” అన్నారు. ఇంటి పెద్దాయన, కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగారు. మావారు సరేనన్నారు. అందరూ సరేనన్నారు.

ఎమ్మారై తీశారు. గడ్డ నాలుగున్నర సెంటీమీటర్లు. ముఖద్వారం దాటి పక్కనున్న కణజాలంలోకి పాకింది. లింఫు గ్రంథులకి చేరలేదు. దీన్ని స్టేజీ 2బి అంటారట. ఈ దశలో ఆపరేషన్ చెయ్యరు, రేడియేషనూ కీమో కలిపి ఇస్తారు. “సంచి తీసేస్తే పోదా?” అని అక్క పదిసార్లు అడిగింది. అడగదూ మరి! దేశం మొత్తం మీద గర్భసంచులు తీయించుకోవడంలో మన రెండు తెలుగు రాష్ట్రాలదే పైచెయ్యి. మా వీధిలో నలభై నిండకుండానే ఆ పెద్దాపరేషన్ అయినవాళ్ళు ముగ్గురున్నారు, ఒకావిడకి వైట్ డిశ్చార్జి తప్ప ఏ జబ్బూ లేదు. తీసెయ్యమని తనే అడిగిన మనిషికేమో తియ్యకూడదన్నారు.

వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 కరెంట్లు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, బ్రాకీథెరపీ అంటారు. ఆరోగ్యశ్రీలో ఖర్చు వెళ్ళిపోయింది. అక్క మా ఇంట్లోనే ఉంది. పొద్దున్నే నేను ఇంత పెరుగన్నం కలిపి, మంచినీళ్ళ సీసా పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. కరెంటు పెట్టేది కొద్ది నిమిషాలే. హాల్లో కూర్చునేది రెండు గంటలు.

ఆ హాల్లో కూర్చునే నేను హెన్రియెట్టా లాక్స్ గురించి చదివాను. అమెరికాలో నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి. ఇదే జబ్బుతో 1951లో, 31 ఏళ్ళకే పోయింది. ఆవిణ్ణి అడక్కుండా తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో బతికే ఉన్నాయి. హీలా కణాలంటారు. నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. ఆవిడ జబ్బుని మొదట పొలుసు కణాల రకం అనే రాశారట. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ముక్కని మళ్ళీ చూస్తే గ్రంథి కణాల రకమని తేలింది. ఆ కణాల్లో హెచ్‌పీవీ 18 అనే వైరస్ ఉందని ఇంకా తర్వాత తెలిసింది. ఈ జబ్బుకి మూలం ఎక్కువగా హెచ్‌పీవీ వైరసే, అందులో 16, 18 రకాలు ముఖ్యం. గ్రంథి కణాలు కలిసిన రకాల్లో 18 ఎక్కువగా కనిపిస్తుందట. గ్రంథి కణాలు గొట్టం లోపల ఉంటాయి కాబట్టి, పైనుంచి చూసే వెనిగర్ పరీక్షకి అవి సరిగ్గా అందవు. పాప్ స్మియర్‌కి కూడా తప్పించుకునే అవకాశం ఎక్కువ. హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే పట్టుకుంటుంది కనుక దానికి ఈ చిక్కు తక్కువ. ముప్ఫై దాటిన ఆడవాళ్ళకి ఐదు నుంచి పదేళ్ళకోసారి ఆ పరీక్ష చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను చేయించుకున్నాను. మా అమ్మాయికి టీకా రెండు డోసులూ వేయించాను. పద్నాలుగు దాటకముందే అయితే రెండు డోసులు సరిపోతాయి.

మూడో వారానికి అక్కకి విరోచనాలు పట్టుకున్నాయి. మూత్రానికి వెళ్తే మంట. రక్తం తగ్గితే ఒక సీసా ఎక్కించారు. కూర పోపు వాసనకే కడుపులో తిప్పేది. ఇవన్నీ ఓర్చుకుంది. కానీ సంక్రాంతి దగ్గరకొచ్చింది.

అంతకుముందు వేసవిలోనే వాళ్ళ అమ్మాయి పెళ్ళయింది. కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతి. “భోగికి ముందు వెళ్ళి ముక్కనుమ అయ్యాక వచ్చేస్తాను. పది రోజులు” అంది. డాక్టరు ససేమిరా అంది. మొదటి కరెంటు నుంచి ఆఖరిదాకా అంతా ఎనిమిది వారాల్లో ముగిసిపోవాలట, అది దాటి సాగితే జబ్బు మీద పట్టు తగ్గుతుందట. ఆ పండగ రోజు మిషను ఎలాగూ ఆగుతుంది, అంతకుమించి ఒక్క రోజు కూడా వద్దంది.

ఇంటికొచ్చి అక్క సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. “పుండేగా. పది రోజులు ఆగితే ఏమవుతుంది?”

దీనికి నేనేం చెప్పను? పుండు అని మేమే కదా చెప్పింది. పుండైతే పది రోజులు ఆగొచ్చు.

బావగారికి ఫోన్ చేశాను. “చెప్పేస్తాను బావగారూ, చెప్పకపోతే ఆగేట్టు లేదు” అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదాయన. తర్వాత “నీ ఇష్టం అమ్మా” అని పెట్టేశారు.

వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్నాను. “అక్కా, అది పుండు కాదు” అన్నాను.

“తెలుసులే” అంది. “ఆ హాల్లో కూర్చునే అంతమందికీ పుండేనా? మొదటివారమే పక్కావిడ చెప్పింది, అక్కడికొచ్చేది దేనికో.”

“మరి తెలిసీ...”

“మీరంతా దాస్తున్నారంటే ఇంక లాభం లేదనే కదా. ఆశ ఉంటే దాస్తారా? పోయేదాన్ని ఎలాగూ పోతాను, అల్లుడి మొదటి పండక్కి ఇంట్లో ఉండి, వాకిట్లో నా చేత్తో ముగ్గేసి పోతానని.”

నెల రోజులుగా మేము ఆవిణ్ణి కాపాడుతున్నామనుకుంటుంటే, ఆవిడ తనకి ఇదే ఆఖరి సంక్రాంతని లెక్క కట్టుకుని, ఆ సంగతి మాకు తెలియనివ్వకుండా మమ్మల్ని కాపాడుతోంది. అక్క ఏడవలేదు. నాకే ఆగలేదు.

సోమవారం తనే డాక్టర్ని అడిగింది. “ఎన్నాళ్ళమ్మా?” అని సూటిగా. ఆ డాక్టరు మంచిది, కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుని చెప్పింది. ఈ దశలో జబ్బు దొరికి వైద్యం పూర్తి చేసుకున్న వందమందిలో అరవై మందికి పైగా ఐదేళ్ళ తర్వాత బతికే ఉంటారు. ఈ రెండు కణాల రకం కాస్త మొండిదని కొన్ని పరిశోధనల్లో తేలింది, తేడా ఏమీ లేదని మరికొన్నింట్లో తేలింది. ఒక్క రేడియేషనే ఇచ్చిన రోజుల్లో ఈ రకం వెనకబడే ఉండేది. సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చినప్పుడు మామూలు రకంతో సమానంగానే నయమవుతోందని పెద్ద అధ్యయనాల్లో కనబడింది. అందుకే కీమో మానొద్దు, మధ్యలో ఆపొద్దు. పేరు కంటే ఎంత దూరం పాకిందన్నదే ముఖ్యం. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. ఇదీ ఆవిడ చెప్పిన లెక్క.

అక్క వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. “మా డ్వాక్రా గ్రూపులో పది మందిమి. అంటే ఆరుగురన్నమాట.” కాసేపాగి, “వాయిదా ఎగ్గొట్టే నలుగురిలో నేనెప్పుడూ లేను” అంది. డాక్టరు ఫక్కున నవ్వింది.

అంకెలకి మనుషులు తెలియరని నాకూ తెలుసు. ఆ అరవైలో అక్క ఉంటుందో, మిగతా నలభైలో ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పదు. కానీ అక్క ‘నెలలు’ అన్న చీకట్లో నెల రోజులు ఒక్కతే కూర్చుంది. ఆవిడకి అరవై అన్న మాట ఎంత పెద్దదో, ఆ మొహం చూసినదాన్ని నాకు తెలుసు.

సంక్రాంతి మా ఫ్లాట్‌లోనే చేశాం. “అల్లుణ్ణే ఇక్కడికి రమ్మను” అని తనే తేల్చేసింది. రెండు గదుల ఇంట్లో పదకొండు మందిమి. అరిసెలు నేను వత్తాను, పాకం మాత్రం అక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూసి చెప్పింది. లిఫ్టు ముందు మూడు చదరాల జాగాలో ముగ్గేసింది. బావగారు పండగ మూడు రోజులూ ఆవిడ ఎటు వెళ్తే అటు వెనకాలే తిరిగారు. దాచిపెట్టడం ఆయనకి ఎంత బరువైందో దింపుకున్నాకే తెలిసినట్టుంది.

కనుమ వెళ్ళిన మర్నాడే మళ్ళీ ఆటో ఎక్కాం. బ్రాకీథెరపీ గురించి ఎక్కువ రాయను. కష్టమైనదే. అన్నీ ఏడున్నర వారాల్లో ముగిశాయి.

ఒకటి మాత్రం రాయాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఈ వైద్యం తర్వాత యోని దారి బిగుసుకుపోయి ఇరుకవుతుంది. అలా కాకుండా ఉండడానికి వాడే సాధనాలుంటాయి, వ్యాయామం లాగా వాడాలి. కాపురానికే కాదు, రేపు డాక్టరు లోపల పరీక్ష చెయ్యాలన్నా ఆ దారి ఉండాలి. నర్సు ఈ సంగతి చెబుతుంటే అక్క నన్ను బయటికి పొమ్మంది. బయటికొచ్చాక “ఈ వయసులో ఇదో చదువు” అంది. వాడుతోందని మాత్రం నాకు తెలుసు.

మూడు నెలలకి తీసిన స్కానింగులో గడ్డ కనబడలేదు. అప్పట్నుంచీ మూడు నెలలకోసారి చెకప్. అబద్ధమెందుకు, ప్రతి చెకప్ ముందు వారం మా ఇళ్ళల్లో ఎవరికీ అన్నం సయించదు. అప్పుడప్పుడు విరోచనంలో కాస్త రక్తం పడుతుంది, అది రేడియేషన్ వల్లేనని పేగు పరీక్ష చేసి తేల్చారు. రెండేళ్ళు నిండితే ఆరు నెలలకోసారి వస్తే చాలన్నారు. ఇంకా నాలుగు నెలలుంది.

పోయిన చెకప్‌కి అక్క ఒక్కతే రాలేదు. చీరల కొట్టు కవర్లో తన ఫైలు పెట్టుకుని, వెంట ఇద్దర్ని దించింది. డ్వాక్రా గ్రూపు వాళ్ళే. మీటింగులో వాయిదాలు కట్టడం అయ్యాక, మగవాళ్ళెవరూ లేకుండా చూసి, “ఆగిపోయాక మళ్ళీ కనబడినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?” అని అడిగేసిందట. మొదట ఎవరూ నోరు విప్పలేదట. సాయంత్రం ఒకావిడ పాలు పోసే వంకన ఇంటికొచ్చింది, రాత్రి ఇంకొకావిడ.

మొదటావిడకి చిన్న పిలక, పాలిప్ అంటారు, అక్కడికక్కడే తీసేశారు. రెండో ఆవిడకి అరవై రెండేళ్ళు. ముక్క తీసి పంపారు. శుక్రవారం రిపోర్టు వస్తుంది. ఆవిడ కొడుకు వచ్చి, “ఏదన్నా ఉంటే మా అమ్మకి చెప్పకండి ఆంటీ” అన్నాడు నాతో. పక్కనే ఉన్న అక్క వినేసింది. “నువ్వు అవతలికెళ్ళి టీ తాగి రా నాయనా” అంది.